పెనుకొండ దాకా వినిపించిన గొంతు

ఆ రోజు సోమవారం. హిందూపురంలో నేను పనిచేసే ప్రైవేటు స్కూలు గ్రౌండులో పిల్లలంతా అసెంబ్లీకి వరుసల్లో నిలబడ్డారు. ఎప్పటిలాగే మెట్టెక్కి, ఛాతీ నిండా గాలి పీల్చి, "స్కూల్..." అన్నాను. ఆ ముక్క బాగానే వచ్చింది. వెనకాల రావలసిన "అటెన్షన్" మాత్రం రాలేదు. నోరు తెరుచుకుంది, గాలి బయటికి వచ్చింది, శబ్దం లేదు. అలవాటుకొద్దీ సగం మంది కాళ్లు కలిపేశారు. మిగతా సగం నా నోటి వంక చూస్తూ నిలబడ్డారు. వెనక వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు.

ఆ గొంతు ఎలాంటిదో చెప్పాలి. నేను హిందూపురంలో "లెఫ్ట్ టర్న్" అంటే పెనుకొండ కోట మీద కోతులు ఎడమకి తిరిగేవి. సరే, పెనుకొండ కొంచెం దూరమే. మా గేటు ఎదురుగా ఉన్న టీ కొట్టు దాకా వినిపించేది. అదీ గాలి అటు వీస్తే. అయినా డ్రిల్ మాస్టరుకి అంతకు మించిన ఆస్తి ఏముంటుంది? సర్కారు బడిలో రిటైరయ్యాక ఈ స్కూల్లో చేరాను. ఆడపిల్లల ఖోఖో టీమ్ నా చేతిలో పెట్టారు. మైకు ఇస్తామన్నా తీసుకోలేదు. మైకు పట్టుకుని డ్రిల్ చేయించేవాణ్ణి నేను మాస్టరు కింద లెక్కపెట్టను.

నిజానికి ఆ సోమవారానికి ముందే నా గొంతు కొన్ని నెలలుగా బొంగురుగా ఉంది. నాకు తెలుసు, అందరికీ తెలుసు. కానీ మా వృత్తిలో ఒక పిచ్చి ఉంది. ఆటల పోటీలు ముగిశాక మాస్టర్లం కలిస్తే, ఎవరి గొంతు ఎంత పోయిందో చూసుకుంటాం. మామూలుగా మాట్లాడేవాణ్ణి పని ఎగ్గొట్టినవాడిలా చూస్తాం. నా పాత స్నేహితుడు రామాంజులు పెనుకొండలో డ్రిల్ మాస్టరు. ఆ మధ్య ఒక పోటీ దగ్గర నేను పలకరించగానే భుజం చరిచాడు.

"ఏమబ్బా, గొంతు పూర్తిగా పోగొట్టుకున్నావే! ఈసారి పిల్లోళ్లని బాగా ఆడించినట్టుండావు."

నేను ఆ మాటకి పొంగిపోయాను. జబ్బుని మెడల్ లాగా మెడలో వేసుకుని తిరిగాను. మిరియాలు నమిలాను, అతిమధురం చప్పరించాను, వేడినీళ్లు పుక్కిలించాను. సాయంత్రం గ్రౌండులోకి దిగి మళ్లీ అరిచాను.

నన్ను పట్టిచ్చింది మా ఆవిడ నాగరత్నమ్మ. అసెంబ్లీలో మాట రాని ఆ వారమే పెనుకొండకి వెళ్లాను. ఫోన్లో చార్జింగ్ అయిపోతే రామాంజులు ఫోన్ నుంచి ఇంటికి చేశాను. "నేనే, వచ్చేసరికి ఆలస్యమైతాది" అన్నాను.

"ఎవురప్పా నువ్వు? రాంగ్ నంబర్" అని పెట్టేసింది.

మళ్లీ చేశాను. "నేనే, నీ మొగుణ్ణి" అన్నాను.

"సిగ్గులేదా నీకు? పెట్టెయ్ ఫోను!"

రామాంజులు పొట్ట పట్టుకుని నవ్వాడు. నేనూ నవ్వాను. బస్సెక్కాక మాత్రం నవ్వు రాలేదు. ఇన్నేళ్లు కాపురం చేసిన మనిషి నా గొంతు గుర్తుపట్టలేదు. ఇంటికి వెళ్లి చెబితే ఆమె కూడా నవ్వలేదు. "రేపు పొద్దున స్కూలుకి కాదు నువ్వు పొయ్యేది, ఆస్పత్రికి" అంది.

హిందూపురంలో ఈఎన్‌టీ డాక్టరమ్మ ముక్కులోంచి సన్నటి కెమెరా దించి చూసింది. దీన్ని లారింగోస్కోపీ అంటారు. నేను కన్ను కూడా ఆర్పలేదు అని స్కూల్లో చెప్పుకున్నాను. కళ్లనిండా నీళ్లు పెట్టుకుని నర్సు చెయ్యి నలిపేశానన్నది అసలు సంగతి. "వోకల్ కార్డ్ మీద గ్రోత్ ఉంది మాస్టారూ. బయాప్సీ తీయాలి" అంది డాక్టరమ్మ. తర్వాత అలవాట్లేమైనా ఉన్నాయా అని అడిగింది.

"ఏమీ లేవమ్మా, స్పోర్ట్స్‌మన్‌ని" అన్నాను.

"ఈయప్ప చెప్పేది నమ్మొద్దమ్మా" అంది నాగరత్నమ్మ. "స్కూలు గోడ వెనక కంపచెట్ల కాడికి పోయి సిగరెట్టు తాగుతాడు. పిల్లోళ్లకి గూడా తెలుసు."

పిల్లలకి తెలుసన్న సంగతి నాకు ఆ రోజే తెలిసింది. సిగరెట్టు ఆ రోజే మానేశాను. ఇందులో పెంచి చెప్పిందేమీ లేదు, మా ఆవిడ సాక్షి.

బెంగుళూరులో మత్తు ఇచ్చి, మైక్రోలారింగోస్కోపీ చేసి, చిన్న ముక్క తీశారు. రిపోర్టులో స్క్వామస్ సెల్ కార్సినోమా, అంటే క్యాన్సర్, అని వచ్చింది. స్కాన్ కూడా చూశాక కన్నడ డాక్టరు కుర్చీ దగ్గరికి లాక్కుని నిదానంగా చెప్పాడు.

"ఎర్లీ స్టేజ్ మేష్ట్రే, టీ వన్. రేడియేషన్‌తో నయమయ్యే చాన్స్ చాలా బాగుంది. గొంతు కూడా చాలావరకు మిగులుతుంది. ఇంకా లేట్ చేసి ఉంటే వాయిస్ బాక్సే తీసేయాల్సి వచ్చేది."

క్యాన్సర్ అన్న మాటకి నేను భయపడలేదు. ఇదీ అబద్ధమే. భయపడ్డాను, కానీ చావుకన్నా ముందు గొంతు పోతుందని భయపడ్డాను. అరవలేని డ్రిల్ మాస్టరు ఎవరికి కావాలి? ఆ టీమ్ ఏమవుతుంది? నేను ఎవరినవుతాను?

ఊరికి వచ్చి మా కరస్పాండెంట్ శెట్టిగారి దగ్గరికి వెళ్లాను. బట్టల వ్యాపారి, స్కూలు ఆయనదే, ఇల్లు స్కూలు వెనకే. రాజీనామా చేస్తానని గుసగుసగా చెప్పాను. గొంతు లేనివాడు మీకెందుకు అన్నాను.

"మాస్టరూ, గొంతుకోసరం అయితే మైకు కొనుక్కుందును గదప్పా" అన్నాడు ఆయన. "నువ్వు వైద్యం చేయించుకోని రా. నీ జాగాలో ఎవుర్నీ పెట్టేది ల్యా. గ్రౌండులో కుర్చీ ఏపిస్తా, కూచో." తర్వాత గొంతు తగ్గించి, "ఒక నిజం చెప్తా, కోపం చేసుకోవద్దు. నీ కేకలకి మా యమ్మకి మధ్యాన్నం నిద్ర పట్టక ఎన్నేండ్లయిందో. ఇప్పుడు కొంచెం పడుకుంటాదిలే" అన్నాడు.

నవ్వుతూ బయటికి వచ్చాను. గేటు దాటాక కళ్లు తుడుచుకున్నాను.

రేడియేషన్ వారానికి ఐదు రోజులు, ఆరు వారాలకి పైమాటే. బెంగుళూరు పక్కన యలహంకలో మా బామ్మర్ది ఇంట్లో ఉండి వెళ్లొచ్చేవాళ్లం. శని, ఆదివారాలకి రైలెక్కి హిందూపురం. ముఖానికి అచ్చుపోసిన మాస్క్ వేసి, దాన్ని టేబుల్‌కి బిగించి, "కదలకండి" అంటారు. కదిలితే గ్రౌండు చుట్టూ పరుగు తీయిస్తానని జీవితమంతా పిల్లల్ని బెదిరించినవాణ్ణి. మొదటి రోజు లోపలికి వెళ్లిన కాసేపటికే చెయ్యి ఊపి ఆపించేశాను. రెండో రోజు నుంచి మనసులో "అటెన్షన్" అనుకుని పడుకున్నాను. నా కమాండ్ నా మీదే పనిచేసింది.

మూడో వారానికి మెడ చర్మం నల్లబడింది. మింగడం కష్టమైంది. సంగటి ముద్ద మింగలేక దాని వంక చూస్తూ కూర్చున్న రోజులున్నాయి. నాగరత్నమ్మ రాగి అంబలి పలచగా చేసి, మజ్జిగ కలిపి, చల్లార్చి, గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఎదురుగా కూర్చునేది. నోరు తెరిస్తే "సుమ్నే ఉండప్పా" అనేది, ఊరికే ఉండమని. మాట్లాడకుండా ఉండడం కూడా వైద్యంలో భాగమే.

ఆ మధ్యలోనే ఒక శనివారం ధర్మవరంలో స్కూళ్ల ఖోఖో పోటీ పడింది. నేను వెళ్లకూడదు. అందుకని, "ధర్మవరం పోయి నీకు పట్టుచీర చూసొస్తా" అన్నాను.

"పట్టుచీర అంటే నేను గూడా వస్తా" అంది. దొరికిపోయాను. చీరల కొట్లు దాటి నేరుగా గ్రౌండుకి దారి తీస్తుంటే మాట్లాడనని నా చేత ఒట్టు వేయించుకుంది.

మొదటి ఇన్నింగ్స్ మా వాళ్లు చేజింగ్. వరుసలో కూర్చున్న ఆడపిల్లల్లో ఎవరికి ఖో ఇచ్చి లేపాలో ఇంతకాలం బయటి నుంచి అరిచి చెప్పింది నేనే. ఆ రోజు చెప్పేవాడు లేడు. తరిమే అమ్మాయి ప్రతిసారీ నా వంక చూస్తోంది, ఆ క్షణంలో రన్నర్ తప్పించుకుపోతోంది. తట్టుకోలేకపోయాను. కుర్చీలోంచి లేచి, "సునీతా! వెనక్కి! ఖో ఇయ్యి!" అని అరిచాను. గొంతులో ఏదో చీరుకున్నట్టయింది. తర్వాత గుసగుస కూడా రాలేదు. నోట్లో రక్తపు రుచి.

సునీత మా కెప్టెన్, పరిగి నుంచి వచ్చే తొమ్మిదో తరగతి అమ్మాయి. ఇన్నింగ్స్ ముగియగానే పరుగెత్తుకొచ్చింది. "సార్, ఏంటికి సార్ అరిచినారు?" అంది, ఏడుపు గొంతుతో. నీళ్ల బాటిల్ నా చేతిలో పెట్టింది. "మీరు చెప్తారని మీ పక్కే చూస్తాంటాము సార్. ఆ లోపల రన్నర్ పోతాది. ఈసారి మీ పక్క చూసేది ల్యా. మీరు కోపం చేసుకోవద్దు." మా ఆవిడతో, "అవ్వా, సార్‌ని కొంచెం పట్టుకోండి" అంది.

"పట్టుకునే ఉంటాలే, నువ్వు పోయి ఆడుపో" అంది నాగరత్నమ్మ, నా చొక్కా అంచు పిడికిట్లో బిగించి.

రెండో ఇన్నింగ్స్‌లో ఒక్కరూ నా వంక చూడలేదు. రన్నర్‌ని చూశారు. ఒకరినొకరు చూసుకున్నారు. "ఖో" అన్న కేకలు తప్ప గ్రౌండులో వేరే శబ్దం లేదు. అన్నేళ్లుగా నేను నేర్పిన ఆట, నా అరుపుల అడ్డం లేకుండా మొదటిసారి కళ్లారా చూశాను. మేమే గెలిచి కప్పు తెచ్చాం.

తేలేదు. ఒక్క పాయింటుతో ఓడిపోయాం. రామాంజులు ఇది చదువుతాడు కాబట్టి సరిచేస్తున్నాను, మూడు పాయింట్లతో. కానీ మొదటి ఇన్నింగ్స్ కన్నా రెండో దాంట్లోనే ఎక్కువ మందిని అవుట్ చేశారు.

సోమవారం డాక్టరు స్కోప్ వేసి చూసి కెమెరా పక్కన పెట్టాడు. వాయిస్ బాక్స్ అంతా వాచిపోయింది, ఎడీమా అన్నాడు. ఊపిరికి ఇబ్బంది రావచ్చని అడ్మిట్ చేశారు, స్టెరాయిడ్ ఇచ్చారు, రేడియేషన్ కొన్ని రోజులు ఆగింది.

"మేష్ట్రే, నిమగె వాయిస్ బేకా, కప్ బేకా?" అని అడిగాడు. గొంతు కావాలా, కప్పు కావాలా అని.

మాటకి బదులు దగ్గర పెట్టుకున్న పలక మీద "రెండూ" అని రాసి చూపించాను.

"రెండూ ఇచ్చే ఆస్పత్రి ఇది కాదు" అన్నాడు. నవ్వలేదు. ఆ రోజు నుంచి నేను నిజంగానే నోరు మూసుకున్నాను.

రేడియేషన్ ముగిసింది. గొంతు వెంటనే రాలేదు. స్పీచ్ థెరపిస్ట్ అమ్మాయి ఒకామె, నా మనవరాలి వయసుది, నాకు మాట్లాడడం నేర్పింది. నీళ్లు తరచుగా తాగాలి, నోరు మూసి మెత్తగా కూనిరాగం తీయాలి, ఊపిరి మీద మాట వదలాలి. "నెట్టకండి సార్" అని రోజూ చెప్పేది. గుసగుసగా మాట్లాడినా గొంతుకి శ్రమేనట, అదీ ఆమె చెప్పిందే. నెలలు పట్టింది. వచ్చిన గొంతు పాతది కాదు. కింది శ్రుతిలో, కొంచెం గరుకుగా, ఒక గది దాకా చాలుతుంది.

మొన్న ఒక రోజు పెనుకొండ వెళ్లాను. కావాలనే రామాంజులు ఫోన్ అడిగి తీసుకుని ఇంటికి చేశాను. "హలో" అన్నాను, అంతే.

"ఏమయ్యా, అన్నం తిన్నావా?" అంది నాగరత్నమ్మ. తర్వాత, "ఈ గొంతే బాగుండాది. పెళ్లయిన కాడినుంచి నువ్వు నాతో మామూలుగా మాట్లాడింది ఇప్పుడే" అంది.

ఫోన్ రామాంజులుకి ఇచ్చేసి, దొరికిన బస్సెక్కి ఇంటికొచ్చాను. ఆ సాయంత్రమే ఇద్దరం ధర్మవరం వెళ్లి పట్టుచీర కొన్నాం. బేరం ఆమే ఆడింది.

ఫాలో అప్‌కి క్రమం తప్పకుండా వెళ్తున్నాను. "క్లియర్‌గా ఉంది, అయినా వస్తూ ఉండాలి" అంటాడు డాక్టరు. స్కూల్లో శెట్టిగారు వేయించిన కుర్చీ ఉంది. పొద్దున అసెంబ్లీలో మెట్టెక్కి కమాండ్ ఇచ్చేది సునీత. ఆమె "స్కూల్... అటెన్షన్!" అంటే నేను కూడా కుర్చీలోంచి లేచి కాళ్లు కలుపుతాను. ఆ పిల్ల గొంతు పెనుకొండ దాకా వినిపిస్తుంది. టీ కొట్టు దాకా అయితే ఖాయం, నేను వెళ్లి విని వచ్చాను.

చదివేవాళ్లకి ఒక్క మాట. మీరు మాస్టర్లైనా, సంతలో కేకేసి అమ్ముకునేవాళ్లైనా, బస్సు కండక్టర్లైనా, గొంతు బొంగురు మూడు వారాలు దాటినా తగ్గకపోతే మిరియాలు కట్టిపెట్టి ఈఎన్‌టీ డాక్టరుకి చూపించుకోండి. ఇంత రాశాను, అక్కడక్కడ కొంచెం పెంచాను, తగ్గించాను. ఈ ఒక్క మాట మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాను.