అతికించిన బోల్టు

వానలు మొదలైన కొత్తలో ఒక ఆదివారం పొద్దున, మా ఇంటి ముందు కారు చక్రం విప్పి లోపలి బోల్టుకు పానా తగిలించాను. బలంగా తిప్పాలని కాళ్ళు నేలకు తన్నిపెట్టి ఊపిరి బిగబట్టాను. నేనింకా బలం పెట్టనే లేదు, బోల్టు తల ఊడి ఒళ్ళో పడింది.

నేనే విరగ్గొట్టాననుకున్నాను. తుప్పు పట్టిన బోల్టును తొందరపడి తిప్పితే విరుగుతుందని మా అన్న నాకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు.

మా పుట్టిల్లు కొత్వాల్‌గూడ. అన్న ఇప్పటికీ అక్కడే ఉంటాడు. సొంత బండిలో పూలు, కూరగాయలు మార్కెట్‌కు తోలుతాడు. చిన్నప్పుడు మా ఇంట్లో ట్రాక్టరు ఉండేది. అది మొరాయించినప్పుడల్లా అన్నే విప్పేవాడు. విప్పిన సామాన్లన్నీ వరుసగా గోనెసంచి మీద పేర్చే పని నాది. ఆడపిల్ల చేతులకు ఆ గ్రీజు ఏందిరా అని మా నాయనమ్మ గొణిగితే, "దాని చేతులకేమైంది, కడుక్కుంటది" అనేవాడు. స్టెప్నీ మార్చడం, ఆయిల్ చూడడం, బ్రేకులు విప్పి బిగించడం అన్నీ నాకు నేర్పింది ఆయనే. కారు కొన్నాక దాని మంచిచెడ్డలన్నీ ఆయనే చూసేవాడు. నా కారుకు అన్న చెయ్యి పడిందంటే ఇక నాకు దిగులు ఉండేది కాదు.

నేను విమానాశ్రయంలో కార్గో వైపు పనిచేస్తాను. షిఫ్టు పొద్దుటిదైతే చీకటితోనే బయలుదేరాలి. ఆ వేళకు ఆటోలు దొరకవు. అందుకే కారు. మా ఇల్లు శంషాబాద్ పాత ఊరి వైపు. అక్కడి నుంచి హైవే ఎక్కి, లారీల మధ్య నుంచి తప్పుకుని, ఎయిర్‌పోర్టు రోడ్డు పట్టుకుంటాను. ఆ రోడ్డు మీద అందరూ విమానం అందుకోవాలన్న తొందరలోనే ఉంటారు. బ్రేకు మీద కాలు సిద్ధంగా ఉంచుకోవాల్సిందే.

ఆ వారం బ్రేకు నొక్కినప్పుడల్లా ముందు ఎడమ చక్రం దగ్గర టక్కుమని ఒక చప్పుడు. అన్నకు ఫోన్ చేస్తే, "వానకు అట్లనే ఉంటది చెల్లె, ఎండ గొడితే అదే పోతది. నువ్వేం ముట్టకు, నేనొచ్చి చూస్త" అన్నాడు. వారం గడిచినా రాలేదు. పూల సీజన్, తీరిక లేదేమో అనుకున్నాను. అన్న పనిముట్ల పెట్టె మా ఇంట్లోనే ఉంటుంది. ఆయన్ని ఇబ్బంది పెట్టడం ఎందుకని ఆదివారం నేనే జాకీ పెట్టాను.

చక్రం వెనకాల బ్రేక్ ప్యాడ్లను పట్టి ఉంచే బరువైన ఇనుప ముక్క ఒకటి ఉంటుంది. దాన్ని రెండు బోల్టులు పట్టుకుని ఉంటాయి. ఇప్పుడు ఊడింది అందులో ఒకటి. ఒళ్ళో పడిన తలను తీసి చూశాను. దాని అడుగున బూడిదరంగు ముద్ద గట్టిపడి ఉంది. గోటితో గీకితే పెళ్ళలుగా రాలింది. వంటింట్లో సింకు పైపు కారుతుంటే అన్న రెండు రంగుల ముద్దలు కలిపి పిసికి పూసింది, అదే. లైటు వేసి లోపలికి చూశాను. బోల్టు కాడ రంధ్రంలోనే ఇరుక్కుని ఉంది. విరిగిన చోట నల్లగా, ఎర్రగా పాత తుప్పు. అప్పుడే విరిగిన ఇనుము తెల్లగా మెరవాలి.

అది నా చేతిలో విరగలేదు. ఎప్పుడో విరిగింది. విరిగిన తలను ఎవరో మళ్ళీ దాని చోట అతికించారు.

ఎవరో అని రాస్తున్నాను కానీ, ఆ చక్రం మీద అన్న చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడలేదు. ఉగాదికి ముందు కొత్త ప్యాడ్లు వేసింది ఆయనే. ఆ రోజు నాది పగటి షిఫ్టు, కారు ఇంట్లో వదిలి ఆటోలో డ్యూటీకి వెళ్ళాను. సాయంత్రం వచ్చేసరికి కారు కడిగి తళతళలాడించి పెట్టాడు. "ఇగ రెండేండ్ల దాక దీన్ని జూసేదే లేదు" అన్నాడు. నేను ఆయనకిష్టమని సర్వపిండి చేసి పెట్టాను.

చేతులు తుడుచుకుని ఫోన్ చేశాను.

"అన్నా, ముందు బ్రేకు బోల్టు తల ఊడొచ్చింది."

"నిన్నెవరు ఇప్పుమన్నరు?" అన్నాడు.

ఏమైంది అని అడగలేదు. దెబ్బ తగిలిందా అనీ అడగలేదు. ఆ ఒక్క మాటతో నాకు మొత్తం అర్థమైపోయింది.

కొంతసేపటికి బైకు మీద వచ్చాడు. మా ఆయన గేటు తీశారు. ఆయనది కాకినాడ దగ్గర. ఇద్దరం ఒకే ఆఫీసులో పనిచేసేటప్పుడు పరిచయమై పెళ్ళి చేసుకున్నాం. మొదట్లో మా ఇంట్లో ఎవరూ ఆయన మాట ఎత్తనిచ్చేవాళ్ళు కాదు. అందరినీ ఒప్పించింది అన్నే. బావాబావమరుదులు ఇద్దరికీ బాగా పొసగుతుంది.

నేను బోల్టు తలను అరచేతిలో పెట్టి అన్నకు చూపించాను.

"ఇదేంది అన్నా?"

"గట్టిగ బిగిస్తుంటె ఇరిగింది చెల్లె. పండుగ ముంగట ఆదివారం, దుకాణాలు బందున్నయ్. తర్వాత మారుద్దమనుకున్న. పనుల్ల పడి యాదిమర్చిన."

"చెప్పొచ్చు గదా."

"రెండోది గట్టిగనే ఉందిగదా. ఏమన్న అయిందా ఇప్పుడు? ఏం గాలే. ఊకె పరేషాన్ చేస్తున్నవ్."

"సరే, మర్చిపోయినవ్. మరి ఈ ముద్ద ఎందుకు పెట్టినవ్?"

ఆయన పనిముట్ల పెట్టె వైపు చూశాడు తప్ప నా వైపు చూడలేదు.

"ముద్దతోని బ్రేకు ఆగదు గదా అన్నా. అది నాకు తెల్సు, నీకూ తెల్సు. మరెందుకు పెట్టినవ్?"

"నువ్వు చక్రాలు కడిగేటప్పుడు వంగి చూస్తవ్ గద" అన్నాడు మెల్లగా.

బోల్టు విరగడం తప్పేం కాదు. ఎంత పనిమంతుడి చేతిలోనైనా విరుగుతుంది. కానీ ఆ ముద్ద బ్రేకు కోసం పెట్టింది కాదు, నా కళ్ళ కోసం పెట్టింది. నేను ఏం చూస్తానో ఆయనకు తెలుసు, ఎందుకంటే ఎక్కడ చూడాలో నేర్పింది ఆయనే. నాకు నేర్పిన చదువు కన్నుగప్పడానికి కూర్చుని ముద్ద పిసికాడు.

నా ముఖం చూసి తట్టుకోలేకపోయాడో ఏమో, గొంతు పెంచాడు. "నేనొక్కన్నే దాచినట్టు చూడకు. బావకు తెల్సు. లైటు పట్టుకున్నదే బావ. ఇంకా, పాపనైతే ఈ బండిల ఎక్కియ్యకు అని కూడ జెప్పిన. అడుగు కావాల్నంటె."

ఆ మాట ఆయన తన మంచితనానికి సాక్ష్యంగా చెప్పాడు. చెప్పాక గానీ ఏమన్నాడో ఆయనకు తెలియలేదు.

నేను మా ఆయన వైపు తిరిగాను. ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నారు. మా పాప రెండో తరగతి. అంతకుముందు పొద్దుటి షిఫ్టు లేని రోజుల్లో దాన్ని బడి దగ్గర దించేది నేనే, కారులోనే. ఉగాది తర్వాత నుంచి ఆయన తన స్కూటరు మీద తీసుకెళ్ళడం మొదలుపెట్టారు. నీకు పొద్దున్నే హడావిడి అవుతోంది, నేను దింపుతాలే అన్నారు. సెలవు రోజు పాపను తీసుకుని హిమాయత్‌సాగర్ వైపు వెళ్దామన్నా, స్కూటరు మీద గాలి బాగుంటుంది అనేవారు. నా మీద ప్రేమ అనుకున్నాను. ఆఫీసులో తోటివాళ్ళకు చెప్పి మురిసిపోయాను కూడా.

"నిజమేనా?" అన్నాను.

"నువ్వు భయపడతావని..." అన్నారు. "చెబ్దామనే అనుకున్నాను. బావగారు ఇవాళ రేపు మార్చేస్తానంటుంటే, అయిపోతుంది కదా అని..."

"పాపకు భయమయితదని బండిల ఎక్కియ్యలేదా?"

"అది వేరు. అది చిన్నపిల్ల."

"నేనో?"

ఇద్దరూ కలిసి కూర్చుని, ఇది ప్రమాదమే అని ఒప్పుకుని, ఎవరిని ఎక్కించకూడదో నిర్ణయించుకున్నారు. ఆ లెక్కలో నేను లేను. రోజూ హైవే మీద ఆ బ్రేకు తొక్కేది నేను.

ఏడవలేదు. గట్టిగా అరవాలనిపించింది, కానీ లోపల పాప నిద్రపోతోంది. మళ్ళీ చక్రం దగ్గర కూర్చున్నాను. రెండో బోల్టు విప్పితే ఆ ఇనుప ముక్క చేతికి వచ్చింది, విరిగిన కాడతో సహా. దాన్ని మెట్టు మీద పెట్టాను. కాడ అంచుకు సమంగా విరిగింది, పట్టకారుకు దొరకడం లేదు. తుప్పు వదిలే నూనె పోసి నాననిచ్చాను.

అన్న దగ్గరికి వచ్చి వంగాడు. "ఇటియ్యి, నేను తీస్త."

"వద్దు."

"నీతోని గాదు చెల్లె. డ్రిల్లు జారితె మరలు పోతయ్."

"పోతె పోనియ్యి. ఏం పోయిందో నాకు కండ్లకు కనపడ్తది."

ఆయన ఇక ముట్టుకోలేదు. వెళ్ళిపోతాడనుకున్నాను కానీ వెళ్ళలేదు. ప్రహరీ గోడ దగ్గర నిలబడ్డాడు. మా ఆయన టీ తెచ్చి అన్నకొకటి ఇచ్చి, నాది మెట్టు మీద పెట్టారు. చల్లారిపోయింది.

కాడ నడిమధ్యలో సుత్తితో చిన్న గుంట కొట్టి, అందులో డ్రిల్లు ఆనించాను. మొదటిసారి జారి పక్కకు గీసుకుపోయింది. రెండోసారి పట్టుకుంది. వేడికి నూనె నుంచి పొగలొచ్చాయి. ఆ రంధ్రంలో, వెనక్కి తిప్పేకొద్దీ పట్టు బిగిసే ఎడమ మరల పిన్ను దిగ్గొట్టి తిప్పడం మొదలుపెట్టాను. చాలాసేపు కదల్లేదు. భుజం లాగేసింది. ఆగి, మళ్ళీ నూనె పోసి, మళ్ళీ తిప్పాను. కిర్రుమంటూ కాస్త కదిలింది. తర్వాత మెల్లగా, ఒక్కో మర తిరుగుతూ బయటికి వచ్చేసింది. రంధ్రంలో మరలు చెక్కుచెదరలేదు.

"బాగ తీసినవ్" అన్నాడు అన్న, గోడ దగ్గర నుంచే. ఆ మాట కోసం చిన్నప్పుడు ఎంత ఎదురుచూసేదాన్నో. ఆ రోజు ఆ మాట వినగానే ఏడుపు వచ్చింది. ముఖం అటు తిప్పుకున్నాను.

మర్నాడు సెలవు పెట్టి, బస్సెక్కి ఆరాంఘర్ వెళ్ళి, విడిభాగాల దుకాణంలో రెండు కొత్త బోల్టులు తెచ్చుకున్నాను. మంచిగా ఉన్న రెండోదాన్ని కూడా మార్చేశాను. మా ఆయన తాను తెస్తానన్నారు. నేను తేనివ్వలేదు. బిగించాక ఆయన్ని పక్కసీట్లో కూర్చోమన్నాను. కూర్చున్నారు. ఖాళీగా ఉన్న రోడ్డు చూసుకుని, వేగం పెంచి ఒక్కసారిగా బ్రేకు తొక్కాను. కారు ఉన్నపళంగా ఆగింది. ఆయన రెండు చేతులతో ముందు డ్యాష్‌బోర్డు పట్టుకున్నారు.

"నన్ను క్షమించు" అన్నారు.

నేను గేరు మార్చి కారు ఇంటి వైపు తిప్పాను. ఆ తర్వాత కూడా చాలాసార్లు అడిగారు. మా సంసారం ఎప్పటిలాగే నడుస్తోంది. కానీ ఆయన నాకు ఏదైనా పని తగ్గించబోతే, నీకెందుకు శ్రమ అంటే, అడగకుండా ఉండలేకపోతున్నాను: "ఎందుకు? ఏమన్న ఉందా?" ఏమీ ఉండదు. ఆయన ముఖం చిన్నబోతుంది. నాకూ బాగుండదు. అయినా అడుగుతాను.

అన్న దసరాకు వచ్చాడు. బంతిపూలు తెచ్చాడు, పాపకు కొత్త గౌను తెచ్చాడు. వెళ్ళేటప్పుడు చెప్పులు వేసుకుంటూ, కారు వైపు చూడకుండా, "బండి ఎట్లుంది చెల్లె?" అన్నాడు.

"మంచిగుంది అన్నా" అన్నాను.

అప్పటికి వారం రోజులుగా క్లచ్ దగ్గర సన్నగా ఏదో ఈల వేస్తున్నట్టు చప్పుడు వస్తోంది. అన్న బైకు సందు మలుపు తిరిగేదాకా గేటు దగ్గర నిలబడి చెయ్యి ఊపాను. తర్వాత లోపలికి వచ్చి, పాత చీర ముక్క ఒకటి తీసుకుని, బానెట్ ఎత్తాను.