కనబడని చార్జింగ్ వైరు

"చార్జింగ్ వైరు కనబడట్లేదమ్మా, ఇల్లంతా వెతికాం" అని మా వదిన నందిగామ నుంచి ఫోన్ చేసిన పొద్దున నాకు ఒళ్ళు మండిపోయింది. వదినంటే మా ఆయనకి అక్క. వాళ్ళ కారు మేం కొనబోతున్నాం. జగ్గయ్యపేటలో మా ఇంట్లో మేం తయారై, ఇంక నందిగామ బయల్దేరడమే అనుకుంటుండగా ఈ కబురు. నాలుగు బారల వైరు, మధ్యలో ఇటుకంత డబ్బా, అదేమన్నా చెవిదిద్దా పోగొట్టుకోవడానికి? ముందు కారు అంటగట్టి, తర్వాత "ఇదిగో దొరికింది, దీనికింత ఇవ్వండి" అంటారు కాబోలు అనుకున్నాను.

నాకు కారు సరదా కాదు. నందిగామ అవతల, ఎక్కడో లోపలి ఊళ్ళో ఉన్న హైస్కూలుకి బదిలీ అయింది. బస్సు మెయిన్ రోడ్డు మీద దించేసి పోతుంది. అక్కణ్ణుంచి గుంటల దారిలో ఆటో. నడుములో డిస్కు జరిగిందని, ఆ కుదుపులు పడితే ఇంక ఆపరేషనేనని, బిందెడు నీళ్ళు కూడా ఎత్తొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. సెలవులన్నీ అయిపోయాయి. కారుంటే ఉద్యోగం, లేకపోతే రాజీనామా. పీఎఫ్‌లోంచి తీసిన డబ్బుతో ఒక్క కారే వస్తుంది. అది కాస్తా తేడా చేస్తే నేను ఇంట్లో కూచోవాల్సిందే.

ఇట్లాంటి సమయంలో అన్నయ్యగారు, అంటే మా వదిన భర్త, తన కారు తీసుకోమన్నారు. ప్లగ్-ఇన్ హైబ్రిడ్ బండి. ఫోన్‌కి పెట్టినట్టు ఇంట్లోనే చార్జింగ్ పెట్టుకోవచ్చు, అది అయిపోతే పెట్రోలు ఇంజిన్ అందుకుంటుంది. హైదరాబాద్‌లో ఎవరో డాక్టరు వాడి అమ్మేస్తే ఈయన కొన్నారు. "స్కూలుకి కరెంటు మీద వెళ్ళు చెల్లెమ్మా, ఇంటికి పెట్రోలు మీద రా. నీ కోసమే తయారుచేశారనుకో" అన్నారు. ఆయన మాటలెప్పుడూ బెల్లం పాకమే. నేను చూసి చెప్తానన్నాను.

మొదటిసారి చూడ్డానికి వెళ్ళినప్పుడు నందిగామలో ఒక చుట్టు నడిపించారు. చప్పుడే లేదు. స్పీడ్ బ్రేకర్ మీద కూడా నా నడుం ఉలకలేదు. ఒప్పుకుంటాను, మనసు జారిపోయింది. దిగాక వదిన కాఫీ ఇచ్చింది. పెళ్ళికి ముందు ఆవిడా టీచరే. అన్నయ్యగారికి ఇష్టం లేక మానేసింది. "ఎట్టా ఉంది వదినా బండి?" అని అడిగితే, "నాకేం తెలుసమ్మా, నేను ఎక్కేదెప్పుడు!" అని గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. అమ్మేవాళ్ళింట్లో ఒకరు మరీ ఎక్కువ మాట్లాడి, ఇంకొకరు అసలు నోరే విప్పకపోతే ఏమనుకోవాలి? ఇద్దరూ కలిసి ఏదో దాస్తున్నారనే అనుకున్నాను.

మర్నాడు స్టాఫ్ రూములో మా ఫిజిక్స్ మాస్టారికి చెప్పాను. ఆయనకి కార్లంటే పిచ్చి. "బ్యాటరీ ఎంత అరిగిందో కంపెనీవాళ్ళ చేత రిపోర్టు తీయించారా మేడం? దాని వారంటీ ఇంకా ఉందా? చార్జింగ్ గుచ్చే చోట కాలిన మరకలున్నాయా? వైరు ఒరిజినలేనా, అసలు బండితో ఇస్తున్నారా?" అని మొదలుపెట్టి, చివరికి అసలు మాట చెప్పారు. "ఇందులో రెండు బళ్ళున్నట్టండీ. జనం బ్యాటరీ, బ్యాటరీ అని దాని చుట్టూనే తిరుగుతారు. ఇంజిన్ సంగతి మర్చిపోతారు. ఫుల్లుగా చార్జింగ్ పెట్టి చేతికిస్తే, ఇంజిన్ స్టార్ట్ అవకుండానే ఊరంతా తిరిగొచ్చేస్తారు. చార్జింగ్ అయిపోయేదాకా నడిపి చూడాలి. మీరు ఇంజిన్ చప్పుడు విన్నారా?"

వినలేదు. ఒక్క క్షణం కూడా వినలేదు. చప్పుడు లేదనే కదా నేను మురిసిపోయింది!

సాయంత్రం మా ఆయనతో, మెకానిక్‌కి ఒకసారి చూపిద్దామండీ అన్నాను. ఇంతెత్తున లేచారు. "మా అక్క ఇంటి బండిని మెకానిక్‌కి చూపిస్తావా? రేపు బావ మొహం ఎట్టా చూడను? మా అక్క మళ్ళీ మన గడప తొక్కుతుందా?" మా ఇళ్ళల్లో అంతే. బజార్లో పావుకిలో వంకాయలు కొంటే పుచ్చున్నాయేమోనని ఒక్కొక్కటీ తిప్పి చూస్తాం. ఆడపడుచు ఇంటినుంచి వస్తే మాత్రం ఏనుగునైనా కళ్ళకద్దుకుని కట్టేసుకోవాలి.

సరే, నా దారి నేను చూసుకున్నాను. "కొనేముందు వేదాద్రి నరసింహస్వామి దగ్గర బండికి పూజ చేయిద్దాం, నలుగురం అందులోనే వెళ్దాం, నేనే నడుపుతా" అన్నాను. స్వామి పేరు చెబితే కాదనేదెవరు? నందిగామ నుంచి వేదాద్రి పోయి తిరిగొచ్చేలోపు ఎంత చార్జింగైనా అయిపోతుంది. అప్పుడు ఇంజిన్ స్టార్టవక చస్తుందా? మా ఆయన సంతోషించారు. అన్నయ్యగారు మాత్రం "కొన్నాక చేయించుకుంటారు గానీ, ముందే ఎందుకు చెల్లెమ్మా" అని నసిగారు. ఆ నసుగుడు విన్నాక నేను ఇంక పట్టు వదల్లేదు.

వైరు కనబడట్లేదని ఫోన్ వచ్చింది సరిగ్గా ఆ పూజ రోజు పొద్దున. మేం నందిగామ చేరేసరికి అన్నయ్యగారు బీరువా వెనక టార్చి వేసి ఇంకా వెతుకుతున్నారు. "రాత్రి చార్జింగ్ పెడదామని చూస్తే లేదు. ఇంకో రోజు వెళ్దాంలే" అన్నారు. "పూజారిగారితో చెప్పుకున్నాం కదండీ, ఎదురుచూస్తుంటారు" అంది వదిన. ఆయన మాటకి ఆవిడ అడ్డు చెప్పడం నేను అంతకుముందెప్పుడూ వినలేదు. అప్పటికే పూజ సంచి చంకన పెట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. నాకు అదీ అనుమానంగానే తోచింది. మొగుడూ పెళ్ళాం కూడబలుక్కుని ఆడుతున్న నాటకం అనుకున్నాను.

ఎక్కేముందు బానెట్ మీద చెయ్యేసి చూశాను. చల్లగా ఉంది. అంటే మేం వచ్చేలోపు ఇంజిన్‌ని వేడిచేసి ఉంచలేదన్నమాట. అన్నయ్యగారు నా పక్కన కూచున్నారు, అక్కాతమ్ముళ్ళు వెనక. "ఆ సంచి ఇటివ్వక్కా, డిక్కీలో పెడతా" అన్నారు మా ఆయన. "వద్దురా, స్వామి సామాను, ఒళ్ళోనే ఉండనీ" అంది వదిన. అద్దంలో చూశాను. రెండు చేతులూ సంచి మీద పెట్టుకుని బిగుసుకుని కూచుంది.

హైవే ఎక్కాం. మిగిలిన కాస్త చార్జింగూ కళ్ళముందే కరిగిపోతోంది. అన్నయ్యగారు ఏసీ కట్టేశారు. మెల్లగా పొమ్మన్నారు. నేను పోలేదు. చిల్లకల్లు ఊరు ఇంకా రాకముందే కింద ఏదో అదిరింది. డబ్బాలో కంకర పోసి ఆడించినట్టు చప్పుడు. స్టీరింగు వణికింది, ఆ వణుకు తిన్నగా నా నడుములోకి దిగింది. ఎదురుగా ఎర్ర లైటు వెలిగింది.

"ఏం లేదు చెల్లెమ్మా, చాన్నాళ్ళకి స్టార్టయింది కదా, సర్దుకుంటది. తొక్కు, తొక్కు!"

"ఏం సర్దుకుంటది అన్నయ్యగారూ? వెనక పొగ చూడండి!"

అద్దం నిండా నీలం పొగ. పక్కకి లాగి ఆపాను. ఆపడమేంటి, అదే ఆగిపోయింది. ఇంక కదల్లేదు.

మగాళ్ళిద్దరూ బానెట్ ఎత్తి లోపలికి తలలు దూర్చారు. ఆ లేచిన బానెట్ వెనక వాళ్ళకి మేం కనబడం. వదిన నన్ను కారు వెనక్కి రమ్మని, సంచి నా కాళ్ళ దగ్గర దించి మూతి తెరిచింది. పైన కొబ్బరికాయలు, పసుపు పొట్లం. వాటి కింద పాత తువ్వాల్లో చుట్టి, నల్లగా, ఇటుకంత డబ్బాతో సహా చార్జింగ్ వైరు.

"ఇంట్లో ఎక్కడ దాచినా ఆయన పట్టుకునేవారమ్మా" అంది వదిన గుసగుసగా. "రాత్రికి రాత్రి ఫుల్లుగా ఎక్కించేవారు. పూజ అవగానే ఏదో ఒకటి చెప్పి మిమ్మల్ని వేరే బండిలో పంపించేవారు. పోయిన ఎండాకాలం నుంచీ ఈ ఇంజిన్ ఇంతే. బాగుచెయ్యాలంటే సగం కారు ఖరీదు అవుతుందన్నారంట."

"నాకొక్క మాట ఫోన్లో చెప్పొచ్చుగా వదినా!"

"చెప్తే మా తమ్ముడు ఊరుకుంటాడా? తిన్నగా పోయి ఆయన్నే అడిగేస్తాడు. తర్వాత ఆ ఇంట్లో ఉండాల్సింది నేను." పసుపు పొట్లం సర్ది, సంచి మూసింది. "నేనెట్టాగూ మానేశా. నువ్వు మానకు."

నాకు ఏడుపొచ్చేసింది. ఆవిడ చెయ్యి పట్టుకోబోతుండగా బానెట్ దభీమని మూసుకుంది.

అన్నయ్యగారు చెమట తుడుచుకుంటూ వచ్చారు. "బండి లాక్కెళ్ళేవాళ్ళకి ఫోన్ చేశా. మీరు ఆటోలో జగ్గయ్యపేట వెళ్ళిపోండి. ఆ సంచేంటి, అంత బరువుగా ఉన్నట్టుంది? ఇటివ్వండి, డిక్కీలో పడేస్తా" అని చెయ్యి చాపారు. వదిన మొహంలో నెత్తురు చుక్క లేదు.

నేను వంగి సంచి లేపి భుజాన వేసుకున్నాను. నడుములో కలుక్కుమంది.

"కొబ్బరికాయలేగా అన్నయ్యగారూ. స్వామికి మొక్కుకున్నవి, డిక్కీలో పడెయ్యకూడదు."

"నిన్ను బరువులెత్తొద్దన్నారు కదే! నాకివ్వు" అన్నారు మా ఆయన.

"పర్లేదండీ, ఇది నేనే మోస్తా" అన్నాను. ఆటో ఆపి, వదినని ముందు ఎక్కించి, సంచి ఒళ్ళో పెట్టుకుని నేనూ ఎక్కాను.