కుట్లు వేయని గాయం

ఒక మనిషి మీద నాకు ఇరవై ఏళ్లకు పైగా పగ ఉంది. డాక్టరు నోట ఈ మాట రాకూడదని మా ఆవిడ అంటుంది. ఆమెకు నేను సర్ది చెప్పలేదు, నాకు నేనూ సర్ది చెప్పుకోలేదు. పగ ఉంది, అంతే.

ఇప్పుడు నా క్లినిక్ ఎల్‌బీ నగర్‌లో, మెయిన్ రోడ్డు మీది రొద కాస్త తగ్గే ఒక సందులో ఉంది. పొద్దున చైతన్యపురి హాస్టళ్ల పిల్లలు మెట్రో దిగి వస్తారు. వాళ్ల వార్డెన్ నా దగ్గర షుగరు మందులు వాడతాడు, అందుకని కడుపునొప్పి వచ్చిన ప్రతివాణ్ణీ నా మీదికి తోలతాడు. సాయంత్రం మోకాళ్ల నొప్పుల వాళ్లు. బతుకు సాఫీగానే ఉంది. కానీ నేను ఇక్కడికి ఇష్టపడి రాలేదు, తరిమితే వచ్చాను.

మాది గుంటూరు వైపు. నాన్న ఉద్యోగం వల్ల దిల్‌సుఖ్‌నగర్‌లో పెరిగాను. ఎంబీబీఎస్ కాగానే ఇంట్లో పీజీ కోచింగ్‌కి పొమ్మని పోరుతుంటే, నేను కొన్నేళ్ల ఒప్పందం మీద సైన్యంలో చేరాను. కొండల మీద యుద్ధం మొదలైన వేసవికి ఆ కొండల కింద ఒక డేరా ఆసుపత్రిలో ఉన్నాను. అక్కడి పెద్ద సర్జను కోపిష్టి. ఆయన నాకు నేర్పిన పాఠం ఒకటే. మట్టి పడిన గాయానికి ఆ రోజే కుట్లు వేయకు. చచ్చిన కండ తీసెయ్, బాగా కడుగు, గాజుగుడ్డ వదులుగా పెట్టి తెరిచి ఉంచు. నాలుగో రోజు లోపల ఎర్రగా శుభ్రంగా ఉంటేనే కుట్టు. పైనెక్కడో కంగారులో కుట్టి పంపిన ఒక తొడగాయాన్ని ఆయన నా ముందే విప్పాడు. అప్పుడు వచ్చిన వాసన నా ముక్కులోంచి ఇంకా పోలేదు.

సైన్యం నుంచి వచ్చాక అబ్దుల్లాపూర్‌మెట్ దాటి లోపలికి ఉన్న ఒక ఊళ్లో రెండు గదులు కిరాయికి తీసుకుని ప్రాక్టీసు పెట్టాను. అందరూ మిలట్రీ డాక్టరు అనేవారు. మొదట్లో మందుల కోసం వచ్చిన వాళ్లకంటే యుద్ధం కబుర్ల కోసం వచ్చిన వాళ్లే ఎక్కువ. మందుపాతర మీద కాలు వేసిన కుర్రాళ్ల కాళ్లు తీసేయవలసి వచ్చిన సంగతి నేనే టీ కొట్టు దగ్గర కూర్చుని చెప్పాను. వింటున్న వాళ్లలో ఆ ఊరి ఆర్‌ఎంపీ కూడా ఉన్నాడు.

వాడు పట్నంలో ఒక నర్సింగ్‌హోములో కాంపౌండరుగా చేసి, చూసి నేర్చుకున్న నాలుగు ముక్కలతో వైద్యం చేసేవాడు. జ్వరం అంటే సూది, నీరసం అంటే గ్లూకోజు సీసా. నోరు మాత్రం బంగారం. నేను కనబడితే లేచి నిలబడి, "సారూ, మీ అసొంటోళ్లు మా ఊరికి ఒచ్చుడే అదృష్టం" అనేవాడు. నేను నమ్మాను. నా వెనక వాడు ఏం చెప్పేవాడో చాలా ఆలస్యంగా తెలిసింది. "సారుకు మిలట్రీల కాళ్లు కోసుడు అలవాటైంది. గాయం ఎందుకు కుడ్తలేడు అనుకున్నరు? కోసెటందుకే తెరిసి పెడ్తడు." ఇదీ వాడి ప్రచారం.

ఒక వానాకాలం, ట్రాక్టరు నాగలి పళ్లు పిక్కలో దిగిన ఒక రైతును నా దగ్గరకు తెచ్చారు. గాయం నిండా బురద, పేడ. నేను చాలాసేపు కడిగాను. చచ్చిన కండ తీసి, ధనుర్వాతం సూది వేసి, గుడ్డ పెట్టి తెరిచి ఉంచాను. అతని భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్కనే నిలబడింది.

"గిట్లనే ఇడిసిపెడ్తవా సారూ?" అంది.

"అవునమ్మా. నాలుగో రోజు తీసుకురా, కుడతాను" అన్నాను.

ఆ సాయంత్రమే ఆర్‌ఎంపీ ఆ గాయాన్ని దర్జీలా కుట్టేశాడు. నాకు తెలిసే సరికి, మూడో రోజున, ఆ రైతును ఆటోలో మళ్లీ నా గుమ్మంలోకి తెచ్చారు. కాలు తొడ దాకా వాచింది. వేలితో నొక్కితే చర్మం కింద చిటపటమని చప్పుడు. అదే వాసన. ఆటోలోనే కుట్లు కత్తిరించి, అతని తల నా ఒళ్లో పెట్టుకుని పట్నం బయల్దేరాను. హయత్‌నగర్ దాటకముందే పోయాడు.

ఊళ్లో ఏమన్నారో తెలుసా? సారు కుట్లు విప్పిండు, మనిషి పోయిండు అన్నారు. అలా అనమని ఎవరు చెప్పారో వేరే చెప్పాలా. దినకర్మ అయ్యాక ఆ భార్య వచ్చి నా క్లినిక్ ముందు నిలబడి, "నా ఇల్లు ముంచినవ్ గదా" అని దోసిలితో మట్టి ఎత్తి నా గుమ్మం మీద పోసింది. ఆర్‌ఎంపీ ఆమెను భుజం పట్టి ఓదారుస్తూ తీసుకుపోయాడు. ఆ పోవడంలో ఒక్కసారి వెనక్కి తిరిగి నన్ను చూశాడు. నా పగకు పుట్టినరోజు అది. తర్వాత రోగులు రాలేదు, ఇంటాయన గదులు ఖాళీ చేయమన్నాడు, నేను ఎల్‌బీ నగర్ చేరాను. విజయవాడ వెళ్లవలసి వచ్చినప్పుడల్లా ఆ ఊరి మలుపు దగ్గర మొహం అవతలికి తిప్పుకునేవాణ్ణి. వాడికి ఏదైనా కావాలని మనసారా కోరుకునేవాణ్ణి.

అయింది. నిరుడు వానలప్పుడు వాడే నా క్లినిక్‌కి వచ్చాడు. జుట్టు నెరిసింది, మనిషి సగమయ్యాడు. కొడుకు దగ్గర కర్మన్‌ఘాట్‌లో ఉంటున్నాడట. పాదానికి చుట్టిన గుడ్డ విప్పితే రెండు వేళ్లు నల్లబడి ఉన్నాయి, అరికాలిలో చీము. ఎక్కడో చూపిస్తే మోకాలి కింద తీసేయాలన్నారట.

"గుర్తువట్టినవా సారూ?"

"పట్టాను."

"జర కాలు దక్కియ్యి సారూ. కుట్లు ఏయకు. నీ తీరుగ తెరిసే పెట్టు."

నా చెవులను నేను నమ్మలేకపోయాను. తెరిచే ఎందుకు పెట్టాలని అడిగాను.

"మూస్తె లోపట మురుగుతది గద సారూ."

"ఈ సంగతి ఎప్పటి నుంచి తెలుసు?"

వాడు తల దించుకున్నాడు. "అప్పుడు గూడ ఎరుకనే సారూ. నువ్వొచ్చినంక నా దుకాణం బందయితుండె" అన్నాడు.

తెలియక చేశాడనుకుని పగపట్టిన దానికే ఇన్నేళ్లు నిద్ర చెడగొట్టుకున్నాను. తెలిసి చేశాడు. పాదం పైన వేలు పెట్టి చూశాను. నాడి బాగా కొట్టుకుంటోంది. కాలు దక్కుతుంది. దక్కదని చెప్పినా నన్ను అడిగేవాడు లేడు, అప్పటికే వేరేవాళ్లు తీసేయాలన్నారు. కానీ ఒంటికాలితో ఊరికి పోతే అందరూ వాణ్ణి చూసి అయ్యో పాపం అంటారు. ఆ మిలట్రీ సారు ఈయన కాలు కూడా కోసిండు అంటారు. ఆ జాలి వాడికి దక్కనివ్వకూడదు. వాడు రెండు కాళ్ల మీద నడవాలి, నడుస్తూ నేను చెప్పిన చోటికి పోవాలి.

"కాలు కాపాడతాను. డబ్బులొద్దు. మానాక ఆ రైతు భార్య గుమ్మంలోకి నడిచి వెళ్లి, చేసింది ఏమిటో నీ నోటితో చెప్పాలి" అన్నాను.

వాడు నెత్తి మీద చెయ్యి పెట్టుకుని ఒప్పుకున్నాడు.

రెండు వేళ్లు తీసి, పాదం చీరి, చీము కడిగి తెరిచి ఉంచాను. కొన్ని నెలలపాటు కట్లు కట్టాను. ఎంత ముందు వచ్చినా అందరికంటే చివర పిలిచేవాణ్ణి. వాడు నొప్పికి పళ్లు బిగిస్తే కాస్త నెమ్మదిగా చేయవచ్చు, చేసేవాణ్ణి కాదు. అయినా ఇంత శ్రద్ధగా నేను ఎవరి పాదమూ చూడలేదు. రాత్రి అన్నం తింటూ కూడా ఆ పాదం గురించే ఆలోచించేవాణ్ణి. మా ఆవిడ అది కరుణ అనుకుంది.

చలికాలం పోయేసరికి గాయం పూడింది. ఒక ఆదివారం వాణ్ణి కారెక్కించుకుని బయల్దేరాను. కర్మన్‌ఘాట్ హనుమంతుడికి మొక్కుకున్నానని, స్వామే కాలు నిలబెట్టాడని దారిలో అన్నాడు. కట్లు కట్టడానికి స్వామి రాలేదని చెప్పి రేడియో పెట్టాను.

ఊరి మొదట్లోనే దింపి నడిపించాను. ఆమె ఇంటి అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నన్ను చూసి లేచింది. మొహంలో పాత కోపం లేదు. ఆ కోపం అరిగిపోయేంత కాలం అయింది ఆమెకు. "కూసోండ్రి" అని చాప వేసింది. వాడు కూర్చోలేదు.

"చెల్లె, గప్పుడు నేను కుట్టుడే తప్పు. లోపట మురుగుతదని నాకెరుకనే. సారు తప్పేం లేదు" అన్నాడు. చెప్పులోంచి పాదం తీసి చూపించాడు. "నా కాలు గూడ గట్లనే అయితే సారు తెరిసి పెట్టి బాగు చేసిండు."

ఇరవై ఏళ్లుగా నేను కోరుకున్న మాట అది. కసి తీరా విన్నాను. ఆమె వాడి మొహం వైపు చూడలేదు. ఆ పాదాన్నే చూసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"అంటే కుట్లు ఏయకుంటే బతుకుతుండెనా సారూ?"

నేను అవునని చెప్పడానికి నోరు తెరిచాను.

"మా ఆయన వద్దనే అన్నడు" అంది ఆమె. "సారు నాలుగు దినాలు ఆగుమన్నడు గద, ఆగుదమన్నడు. నాకే పాణం ఒప్పలే. గా తెరిసిన గాయం సూడలేక నేనే ఏడ్సి ఒర్రి తీస్కపోయి కుట్టిపిచ్చిన."

ఇది నాకు తెలియదు. ఇన్నేళ్లూ ఆ కుట్లలో నాకు వాడి చేతులే కనిపించాయి. ఆ చేతుల దగ్గరకు అతణ్ణి లాక్కుపోయిన చెయ్యి ఒకటి ఉందని ఎన్నడూ తోచలేదు. ఆమె చింతపండు అంటిన వేళ్లు కదలకుండా పట్టుకుని నా జవాబు కోసం చూస్తోంది.

"లేదమ్మా" అన్నాను. "బురద లోతుకు పోయింది. కుట్టినా కుట్టకపోయినా ఎవరూ దక్కించలేకపోయేవాళ్లు. ఆ రోజు ఎవరి తప్పూ లేదు."

ఆమె మెల్లగా తలూపి మళ్లీ గింజలు తీయడం మొదలుపెట్టింది. నా పక్కన వాడు పెద్దగా ఊపిరి వదిలాడు. ఆమె కోసం ఆడిన అబద్ధంతో వాడు కూడా బయటపడ్డాడు.

కారు దగ్గర వాడు నా రెండు చేతులూ పట్టుకోబోయాడు. "నన్ను కాపాడినవ్ సారూ" అన్నాడు.

"నిన్ను కాదు" అన్నాను. తలుపు వేసుకుని, బస్సు దొరికే దాకా నడిచి పొమ్మన్నాను. మలుపు తిరిగేటప్పుడు అద్దంలో చూశాను. ఎండలో, నేను నిలబెట్టిన కాలి మీద, హాయిగా నడిచి వస్తున్నాడు.