ఇంట్లో తెలుగు బంద్

మా అమ్మాయి ఏడాదిన్నర దాటినా "అమ్మ" అనలేదు. ఒక మధ్యాహ్నం, ఛత్తీస్‌గఢ్‌లో మేం అద్దెకుంటున్న తెలీబంధా పేట ఇంట్లో నా చేతిలోంచి కుక్కర్ జారి గచ్చు మీద పడింది. ఆ చప్పుడుకి వీధికుక్కలు సంఘం పెట్టుకుని అరిచాయి. పైవాటా ముసలాయన భూకంపమనుకుని తువ్వాలుతో మెట్లు దిగాడు. ఎక్కడో ఊరవతలి ధర్సీవాలో కూడా ఎవరో ఒకరు ఉలిక్కిపడే ఉంటారు. మంచం మీద అటు తిరిగి కూర్చున్న నా కూతురు మాత్రం గిన్నెలో గరిటె తిప్పుకుంటూనే ఉంది.

పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆయన డిగ్రీలు ఎంత పొడుగంటే బోర్డు పక్క దుకాణం గోడ మీదికి పాకింది. "పాపకి వినబడట్లేదనిపిస్తోంది" అని నేను హిందీలోనే చెప్పాను. మా వారి హిందీకంటే నాది పదిరెట్లు నయం. డాక్టరు మాత్రం మా వారి వైపు తిరిగి, "ఇంట్లో ఏ భాష?" అన్నాడు.

"తెలుగు, సార్. బయట హిందీ. పనావిడ ఛత్తీస్‌గఢీ," అన్నారు మా వారు, తాను పనిచేసే ఉర్లా ఫ్యాక్టరీలో మేనేజరు ముందు నిలబడ్డట్టు నిలబడి.

"అదీ సంగతి. మూడు భాషల కిచిడీ. పిల్లకి అయోమయం. తెలుగు బంద్ చేయండి, హిందీ ఒక్కటే మాట్లాడండి."

"మాటలే కాదండీ, చప్పుడుకి కూడా..." అన్నాను.

ఆయన పిల్ల వెనక్కి వెళ్లి చప్పట్లు కొట్టాడు. అది తిరిగి చూసింది.

"ఎదురుగా ఉన్న స్టీలు ట్రేలో మీరు కనిపించారు. అందుకే తిరిగింది," అన్నాను.

"భాయ్‌సాబ్, మేడమ్‌కి నిద్ర చాలడం లేదు," అన్నాడాయన మా వారితో. "మొదటి కాన్పు తల్లులకి అన్నీ రోగాలుగానే కనిపిస్తాయి." చెవులు పిల్లవి, మాత్రలు నాకు రాశాడు.

ఆ రోజు నుంచి ఇంట్లో తెలుగు మీద నిషేధం. మా వారికి వచ్చినదంతా ఫ్యాక్టరీ హిందీ. "హటో, గరమ్ హై, మాల్ ఆ రహా హై" అంటూ, కాలే సరుకొస్తోంది తప్పుకోమని కూలీలని అరిచినట్టే, పిల్లకి పెరుగన్నం తినిపించేవారు. శ్రీకాకుళం నుంచి మనవరాలి కోసం వచ్చిన మా అత్తగారికి పానీ, చాలు అనడానికి బస్, వద్దనడానికి నహీ తప్ప రావు. ఆ మూడింటితోనే రాజుగారి కథ మొత్తం చెప్పబోయి యుద్ధం దగ్గర ఆగిపోయింది. నోరు జారి "బంగారు తల్లీ" అంటే మా వారు పేపరు చాటు నుంచే "అమ్మా, హిందీ" అనేవారు. చివరికి ఆవిడ పెరట్లోకి పోయి బకెట్లతో తెలుగు మాట్లాడుకునేది.

మధ్యలో రెండుసార్లు డాక్టరు దగ్గరికి వెళ్లాను. నా మాత్రల రంగు మారింది.

"డాక్టరుకంటే నీకెక్కువ తెలుసా?" అన్నారు మా వారు.

"నాకు తెలియదు. ఈసారి మీరు చెప్పండి. నేను నోరెత్తను."

ఏడాది పైన గడిచాక సరేనన్నారు. నా వాక్యాన్నే స్కూటరు మీద దారంతా ఆయనచేత వల్లె వేయించాను. డాక్టరు గదిలో కొంగు తల మీదికి లాక్కుని, పెళ్లిచూపుల పిల్లకంటే బుద్ధిగా కూర్చున్నాను.

"సార్, పాపకి వినబడట్లేదనిపిస్తోంది."

డాక్టరు కలం పక్కన పెట్టేశాడు. "ఎప్పట్నుంచి? తండ్రికే అనుమానం వచ్చిందంటే తేలిగ్గా తీసుకోకూడదు." అప్పటికప్పుడే చెవుల పరీక్ష రాశాడు.

పిల్ల తలకి తీగలు అతికించి పరీక్ష చేశారు. రెండు చెవులూ పుట్టుకనుంచే పనిచేయడం లేదట.

కాగితం చూసి డాక్టరు మొదటిసారి నేరుగా నా మొహంలోకి చూశాడు. "చాలా ఆలస్యం చేశారు. ఏడాది ముందు తెస్తే చెవికి మిషన్ పెట్టేవాళ్లం, మాటలు తొందరగా వచ్చేవి. తల్లన్నాక కాస్త గమనించుకోవద్దా?"

మా వారు "జీ సార్" అన్నారు. అలవాటు.

ఇంటికొచ్చి అత్తగారికి చెప్పాం. ఆవిడ చాలాసేపు పిల్ల చెవి తమ్మెని వేళ్లతో నిమిరింది.

"అయితే ఇంట్లో తెలుగు మాటాడొచ్చునేటి?"

"మాట్లాడండి అత్తయ్యా, ఎంతసేపైనా."

"ఎవులితోటే?" అంది.