తట్టు సోకిన పసివాళ్ళకు గంజి పట్టిన సుశీలమ్మ

తాండూరు నర్సు సుశీలమ్మ ఇక లేరన్న దుర్వార్తను మొన్న ఉదయపు రైలు దిగి వచ్చిన ఒక తల్లి నోట, నేను పనిచేసే వికారాబాదు దవాఖానలో విన్నాను. ఆరేళ్ళు ఆమె వెంట పల్లెలు తిరిగి పని నేర్చుకున్న నా మనస్సు ఆ మాటను ఇంకా అంగీకరించడం లేదు.

బంట్వారం దగ్గర కూలి చేసుకు బతికే క్రైస్తవ కుటుంబంలో ఆమె జన్మించారు. పోలీసు చర్య జరిగిన ఏడు తాండూరులో నర్సుగా చేరారు. ఆనాడు మారుమూల పల్లెల్లో తట్టు ఏళ్ళ తరబడి కనిపించేది కాదు; వచ్చిందంటే ఎదిగిన పిల్లలు సైతం ఒక్కసారిగా మంచం పట్టేవారు. బస్సులు పెరిగి, సంతలకు రాకపోకలు హెచ్చాక అది తరచుగా రాసాగింది. ఏడాది నిండని పసికందులకే ఎక్కువగా సోకసాగింది. ఈ మార్పును ఆమె ఏ గ్రంథంలోనూ చదవలేదు. ప్రతి తల్లినీ బిడ్డ వయస్సు అడిగి గ్రహించారు. ఒకసారి నేను వయస్సు రాయకుండా వస్తే, ఎండలో మూడు మైళ్ళు వెనక్కి నడిపించారు. "తట్టు పోసిందని తిండి మాన్పిస్తే పెద్ద పిల్లలు ఓర్చుకుంటరు. గీ పసిగుడ్లు ఉపాసముంటే బతుకరు" అనేవారు.

పెద్దేముల్ వైపు గొర్రెలు కాసుకునే వారింట పది నెలల ఆడపిల్లకు తట్టు పోసింది. విరేచనాలతో పెదవులు ఎండిపోయాయి. అమ్మవారికి కోపం వస్తుందని నాయనమ్మ నీళ్ళు కూడా పట్టనివ్వలేదు. సుశీలమ్మ వాదించలేదు. ముసలామె పక్కన కూర్చుని మెల్లగా అన్నారు: "నా బిడ్డకు తట్టు పోసినప్పుడు మా అత్త వద్దన్నదని నేను చుక్క నీళ్ళు పొయ్యలె. నీళ్ళు అడుక్కుంటనే పోయింది. అప్పటికే నేను నర్సును, పెద్దమ్మా."

ముసలామె పిల్ల ఎండిన పెదవులను వేలితో తడిమి చూసింది. తరువాత కోడలిని గంజి తెమ్మన్నది. సుశీలమ్మ పొద్దుగూకేదాకా చెంచాతో కొంచెం కొంచెంగా పట్టారు. పిల్ల బతికింది గాని ఒక కంట తెల్లటి పొరలా పువ్వు పడింది. అందుకు తాను రెండు దినాలు ఆలస్యంగా వచ్చానని ఆమె తననే నిందించుకున్నారు.

తిరుగుదారిలో, ఇన్నేళ్ళూ ఆ సంగతి నాకెందుకు చెప్పలేదని అడిగాను. "నోరు రాలె. ఇయ్యాల ఆ పిల్లకు అక్కరకొచ్చింది" అన్నారు. ఆ తరువాత ఎన్నో గడపల్లో ఆమె అదే మాట చెప్పడం విన్నాను. పరుల బిడ్డల ప్రాణం కోసం తన గాయాన్ని తానే విప్పి చూపిన ఆ కరుణామూర్తికి శిరస్సు వంచి నమస్కరిస్తున్నాను.

నిన్న పరిగి దారిలో ఒక ఊరి నుంచి పిలుపు వస్తే వెళ్ళాను. గుమ్మంలో బిడ్డనెత్తుకున్న తల్లి నా వెనక్కి తొంగిచూసి, "పెద్ద నర్సమ్మ రాలేదా?" అని అడిగింది. ఇక రారని మొదటిసారి నా నోటితో చెప్పాను.