బూజు మొక్కజొన్న, డాక్టరుగారి కాఫీ

రెండేళ్ల కిందటి మాట. మాది ద్రాక్షారామం దగ్గర పల్లెటూరు. అకాల వర్షానికి కళ్లంలో మొక్కజొన్న తడిసి పచ్చగా బూజు పట్టింది. మాతోనే ఉండే మా ఆయన అక్కగారు, అంటే మా వదిన, దాన్ని కడిగి, ఎండబెట్టి, మరపట్టించి గేదెకు దాణాగా పెట్టడం మొదలెట్టింది. వద్దన్నాను.

"ఏంటమ్మా, గేదెకి సన్నబియ్యం వండి వడ్డించమంటావా?" అంది, పక్కింటివాళ్లు వినేలా. ఆ మాట నేనింకా మరిచిపోలేదు.

కొన్నాళ్లకే గేదె మేత మానేసింది. పాలు సగానికి పడిపోయాయి. చచ్చిపోతుందేమోనని భయపడి పశువుల డాక్టరుగారిని పిలిపించాం. వదిన మర్యాదగా కాఫీ ఇచ్చింది. ఆయన రెండు గుక్కలు తాగి, దాణా గుప్పెట్లోకి తీసుకుని వాసన చూసి ఆగిపోయారు.

"ఈ కాఫీలో పాలు ఎక్కడివండి?"

"ఈ గేదెవేనండి! చిక్కగా ఉన్నాయా?" అంది వదిన మురిసిపోతూ.

ఆయన గ్లాసు అరుగు మీద పెట్టేశారు. "బూజు విషం కడిగినా కాచినా పోదండి. గేదె కాలేయాన్ని పాడుచేసి పాలలోకీ వస్తుంది."

ఆ దాణా వద్దన్న నేనే, ఆ పాలే తోడుపెట్టి అందరికీ పెరుగు వడ్డిస్తున్నాను!

దాణా మార్చి మందులు వాడాక గేదె కోలుకుంది. డాక్టరుగారు సరేననేదాకా పాలు పారబోశాం. ఇప్పుడు వదిన ఊరంతా తిరిగి, "బూజు గింజలు పెట్టకండర్రా, నేను ముందే కనిపెట్టాను" అని చెబుతోంది. జనం వింటున్నారు. వాళ్ల గేదెలు బాగున్నాయి. అందుకే ఊళ్లో నోరు మెదపలేదు. మీ పత్రికకు మాత్రం రాశాను.