వెనక నుంచి పిలిచింది

మొన్న టీవీలో మళ్లీ ఒక చిన్న విమానం మబ్బుల్లోకి వెళ్లి కూలింది. కింద పరిగెత్తే అక్షరాల్లో పైలట్ తప్పిదం అని తేల్చేశారు. పత్రికలో పనిచేసినవాణ్ణి, ఆ తొందర నాకు తెలుసు, అయినా ఒళ్లు మండింది.

మా పెద్దమ్మ కొడుకు, నాకు అన్నయ్య, అలాగే పోయాడు. శ్రీకాకుళం వైపు నుంచి జంషెడ్‌పూర్ కార్ఖానా పనులకు వచ్చిన మా కుటుంబాల్లో విమానం నడపడం నేర్చినవాడు అతనొక్కడే. అతను ఎగిరిన రోజున కాసిడీహ్‌లో మా వీధంతా డాబాలెక్కి చూసేది. ఒక వానాకాలపు ఉదయం, గడప దాటిన మనిషిని వదిన వెనక నుంచి పిలిచి, కొండ మీద మబ్బు దట్టంగా ఉంది, ఈ పూటకు మానుకోమంది. అలా పిలిస్తే వెనక్కొచ్చి, కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి వెళ్లడం మన ఇళ్లలో పద్ధతని మీకు వేరే చెప్పక్కర్లేదు. అన్నయ్య నవ్వేసి, తిరిగి చూడకుండా స్కూటర్ తీశాడు. సాయంత్రానికి కొండవాలులో విమానం ముక్కల మధ్య శవం దొరికింది.

కర్మకాండలు ముగియకముందే పెద్దమ్మ వదినతో మాట్లాడటం మానేసి, పరామర్శకు వచ్చిన ప్రతివాళ్లతోనూ వదిన గురించే మాట్లాడసాగింది. పిలుపే కొడుకుని చంపిందని, కోడల్ని ఇంట్లో ఉంచేది లేదని పట్టుబట్టింది. నేను ఒక పాత పైలట్‌ని కలిసి, తెలుసుకున్నది ఆమెకు వివరించాను. మబ్బులో నేలా ఆకాశమూ తెలియవు, విమానం మెల్లగా ఒరిగిపోతున్నా చెవి లోపలి భాగం తిన్నగానే ఉన్నామని చెబుతుంది, ఎదుటి మీటర్లను కాక ఒంటిని నమ్మినవాడు విమానాన్ని కిందికే తిప్పుకుంటాడు. పెద్దమ్మ అంతా విని, వదిన వైపు చెయ్యి చూపించింది.

"సెవే కదేటి మోసం సేసింది? ఆ సెవిలో ఆకరున పడింది దీని గొంతే."

చదువుకున్న మా బంధువులు కూడా తలలూపారు. వదిన గోడ వదిలి ముందుకొచ్చింది.

"నాను పిలిసినందుక్కాదత్తా. పిలిత్తే ఆగనందుకు పోయినాడు."

ఆ మధ్యాహ్నమే, ఎవరూ గెంటకముందే, రెండు సంచులతో బిర్సానగర్‌లో ఒక గది చూసుకుని వెళ్లిపోయింది. పెద్దమ్మ బతికున్నన్నాళ్లూ వదిన గడప తొక్కలేదు, వదినని తన గడప తొక్కనివ్వలేదు. వదిన వెళ్లాక పెద్దమ్మ ఇంట్లో బయల్దేరినవాళ్లని వెనక నుంచి పిలవడానికి అందరూ భయపడ్డారు. పెద్దనాన్న కళ్లజోడు మరిచిపోయి వీధిలో తడుముకుంటూ పోతున్నా, చూస్తూ ఊరుకునేవారు.

ఇప్పుడు మా కోడలు నా మనవణ్ణి రోజూ వెనక నుంచే కేకేస్తుంది. వాడు "క్యా హై మమ్మీ" అని విసుక్కుంటూ బైకు ఆపి, వచ్చి హెల్మెట్ పట్టుకెళతాడు. పిలిచినామె మీద ఎవరికీ అనుమానం లేదు. వదినకి ఇలాంటి ఇల్లు దొరికుంటే ఎంత బాగుండేదనుకుంటూ, గేటు దగ్గర నిలబడి వాడు మలుపు తిరిగేదాకా చూస్తుంటాను.